కడితం నుంచి అట్ట దాకా

మారిషసు తెలుగువారి గురించి ఈమధ్య చదువుతూ ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోయాను. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకుతోటల కూలికి ఓడలెక్కి వెళ్ళిన మనవారి సంతతి అక్కడ ఈనాటికీ ఉగాది చేసుకుంటున్నారు. ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు కూడాను. పిల్లలకు తెలుగు చెప్పించుకుంటున్నారు. అంతా సంతోషమే. అయితే ఆ పిల్లల వాచకానికి కావలసిన కాగితమో? అది ఓడ దిగవలసిందే. చిన్న ద్వీపదేశాల దిగుమతి పట్టికల్లో బియ్యం, నూనె, యంత్రాల సరసన ఎక్కడో ఒక మూల "కాగితం, అట్ట" అని ఒక పద్దు ఉంటుంది. ప్రపంచమంతటా సుంకాల వాళ్ళు వాడే వర్గీకరణలో దానిది 48వ అధ్యాయం. ఆ పద్దును ఎవరూ పట్టించుకోరు. ఓడ రాని నెలలో మాత్రం బడి, కోర్టు, అంగడి మూడూ తడుముకుంటాయి.

ఇది చదివినప్పుడు నాకు మా సీమే గుర్తుకు వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఇప్పుడు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు అనంతపురం జిల్లా, 1882కు ముందు బళ్ళారి జిల్లా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. కాగితపు మిల్లుకు ముఖ్యంగా కావలసినవి రెండు: గుజ్జుకు వెదురో కలపో, దాన్ని కడగడానికి నీళ్ళు. మాకు రెండూ లేవు. కాబట్టి కాగితం విషయంలో మేమూ దీవివాసులమే. చుట్టూ సముద్రం లేదు, అంతే తేడా.

కాగితం దాకా ఎందుకు, తాటాకు కూడా మాకు పరాయిదే. గంటంతో రాయడానికి మేలైనది శ్రీతాళం. అది మలబారు, కన్నడ తీరాల చెట్టు. మా మెట్టల్లో పుట్టేది ఈత. ఈతాకు మీద చాప అల్లవచ్చును గాని భారతం రాయలేము.

అయితే మా నేల తనకు తానుగా ఒక రాతపరికరాన్ని చేసుకున్నది. దాని పేరు కడితం. నూలుగుడ్డకు చింతగింజల పిండి గంజి, నూరిన బొగ్గు కలిపి పూతమీద పూత పెట్టి ఆరబెట్టి, కత్తిరించకుండా మడతలు మడతలుగా మడిచి, రెండు కొసలకు చెక్కపలకలు బిగిస్తే కడితమయింది. దానిమీద బలపంతో రాసేవారు. నల్లటి గుడ్డమీద తెల్లటి అక్షరాలు. ఇందులో వేటికీ ఊరు దాటనక్కరలేదని గమనించండి. నూలు నేతగాడి దగ్గర ఉంది. చింతపండు హిందూపురం సంతలో నేటికీ పెద్ద బేరం, ఇక గింజలకు కొదవేమిటి? బొగ్గు పొయ్యిలోది. బలపపు రాయి అనంతపురం, కర్నూలు ప్రాంతాల గనుల్లో దొరికేదే.

1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఇక్కడి రాతను రెండు విధాలుగా చెప్పాడు. ఒకటి రెండు గజాల పొడవు ఉండే ఆకుమీద ఇనుప గంటంతో గీసేది. అది అట్టే కాలం నిలవదన్నాడు. రెండోది తెల్లని దానికి నలుపు పూసి, కలంలా చెక్కిన మెత్తని రాతితో రాసేది; అది చాలాకాలం నిలుస్తుందనీ, దానికే గౌరవం ఎక్కువనీ అన్నాడు. కాగితానికి పుట్టిల్లు వంటి సమర్‌ఖండు ఉన్న రాజ్యంలోనుంచి వచ్చినవాడు మన కడితాన్ని మెచ్చుకున్నాడంటే అది మర్యాదకు అన్నమాట కాదనుకుంటాను.

మరి మూడున్నర శతాబ్దాల తర్వాత, 1810లో అచ్చయిన తన చరిత్ర గ్రంథంలో మైసూరు రెసిడెంటు మార్క్ విల్క్స్ కూడా ఇదే కడితాన్ని వర్ణించాడు. జానెడు వెడల్పు, 12 నుంచి 18 అడుగుల పొడవు, ఇరువైపులా పూత, చివర రంగువేసిన చెక్కలు. వర్తకులూ అంగళ్ళవారూ ఇప్పటికీ వాడుతున్నారని రాశాడు. రుద్దితే చెరిగిపోతుందన్నది దాని లోపం. ఆ లోపమే దాని కొంప తీసింది.

పెనుకొండ కథ ఇక్కడే కలుస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. పదహారో శతాబ్దపు చివరిదాకా, చంద్రగిరికి తరలిపోయేదాకా, రాజ్యపు లెక్కలు ఈ కొండ కిందనే నడిచి ఉండాలి. ఎన్ని గ్రామాల పన్ను, ఎన్ని గుర్రాల బేరం, ఎందరి జీతాలు! రాతిమీద చెక్కినవీ, రాగిమీద చెక్కినవీ మనకు దక్కాయి. ఆ ఆస్థానపు రోజువారీ లెక్కలు మాత్రం దక్కలేదు. దానం శాశ్వతమనుకున్నారు కనుక రాతికి ఎక్కించారు. పద్దు నేటిదే అనుకున్నారు కనుక గుడ్డమీద రాశారు. చరిత్ర రాసేవారికి దానం కంటె పద్దే ఎక్కువ అవసరమని వారికేం తెలుసు?

కాగితం ఈలోగా సుల్తానుల వెంట దక్కనుకు వచ్చింది. మాట కూడా దానితోనే వచ్చింది. కాగితం పారశీకపు కాగజ్. ఇరవైనాలుగు ఠావులు ఒక దస్తా. దస్తా అంటే పారశీకంలో చేతిపట్టు. ఇంగ్లీషువాడి ద్వారా మనకు వచ్చిన రీము అరబ్బీ రిజ్మా, అనగా కట్ట. కాగితపు అంగట్లో మనం పలికే మాటల్లో తెలుగుది అట్ట ఒక్కటే. తమిళులు అట్టై అంటారు. చెప్పుకు అట్ట, పుస్తకానికి అట్ట. పాదాన్ని కాచేదీ పద్యాన్ని కాచేదీ ఒకే మాట కావడం నాకు ముచ్చట.

దేశవాళీ కాగితం చేతితో చేసేవారు కాగజీలు. దౌలతాబాదు దగ్గర వారి ఊరికి కాగజీపురమనే పేరు. మన తెలుగునాట కోరుట్ల కాగితానికి పేరుండేది. అక్కడినుంచి మా సీమకు ఎద్దులమీద రావలసిందే. కనుక సామాన్యుడి ఇంటికి అది రాలేదు. కరణం ఇంట తాటాకు కవిలె, కోమటి అంగట్లో కడితం, దివాణంలో కాగితం, ఇలా మూడూ పక్కపక్కనే చాలాకాలం బతికాయి.

1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తం చేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఊరూరా గొలుసు పట్టించి పొలం పొలం కొలిపించాడు. రైతు రైతుకు పట్టా. కాగితం మా పల్లెల్లో గడపగడపకూ తిరగడం అప్పుడే మొదలయింది. చెరిపి మళ్ళీ రాసుకోగల కడితాన్ని సర్కారు ఎలా నమ్ముతుంది? చెరగని సిరా కావాలి, సిరాను పట్టుకొనే కాగితం కావాలి. కుంఫిణీవారి మంచి దస్తరాలకు కాగితం ఇంగ్లండు నుంచి చెన్నపట్నం రేవుకు ఓడలో వచ్చేది. రేవునుంచి ఘాట్లెక్కి వచ్చిన ఆ ఠావుమీద పెనుకొండ రైతు పొలం హద్దులు రాశారు. మా మొదటి దిగుమతి కాగితపు చరిత్ర అదీ. (పట్టా, పట్టు రెండింటికీ మూలం సంస్కృత పట్ట శబ్దమే. శాసనం రాసే పలక అనీ, నేసిన వస్త్రమనీ రెండర్థాలు దానికి. పెనుకొండలో పట్టా, ధర్మవరంలో పట్టు. అన్నదమ్ములే.)

కాగితం రావడంతో పాతవి ఏమయ్యాయి? సర్వే రిజిస్టరు వచ్చాక పాత కవిలెతో కరణానికి పని లేదు. అటకమీద చెదలు తిన్నాయి, వానకు తడిశాయి, పొయ్యిలోకి పోయాయి. ఆ సమయంలో ఇద్దరు దొరలు అడ్డం పడ్డారు. కాలిన్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి మనవారి చేత ఊరూరి కైఫీయతులు రాయించాడు. ఆ కైఫీయతుల్లో చాలావాటికి ఆధారం దండకవిలెలే. తర్వాత 1820లో కడపకు వచ్చిన బ్రౌను తాటాకు ప్రతులను సేకరించి, జీతమిచ్చి రాయసగాళ్ళను పెట్టి, పాఠాంతరాలతో సహా కాగితంమీదికి ఎక్కించాడు. భాషాప్రవీణ చదివేటప్పుడు మేము శుద్ధప్రతి అని గౌరవంగా పట్టుకొన్న కావ్యాలు కొన్ని ఆ కాగితాల పుణ్యమే. తెలుగు నిలిచింది తాటాకు వల్ల అంటాం. తాటాకునుంచి సకాలంలో దిగడం వల్ల కూడాను.

తర్వాతి నూరేళ్ళు గబగబా చెప్పి ముగిస్తాను. 1890ల మొదట్లో గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగుళూరికి మీటరుగేజి రైలు వచ్చింది. కాగితం ఎద్దుబండి దిగి రైలెక్కింది. 1925లో వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణ సుంకం చట్టం చేశారు. రాజమండ్రిలోనూ, నిజాం రాజ్యంలో సిర్పూరులోనూ మిల్లులు లేచాయి. సిర్పూరు మిల్లున్న కొత్తపేట కాగజ్‌నగర్ అయిపోయింది. అయినా పత్రికల కాగితం మాత్రం పూర్తిగా విదేశాలదే. 1926లో పప్పూరు రామాచార్యులుగారు అనంతపురంలో శ్రీ సాధన పత్రిక పెట్టేనాటికి ఈ దేశంలో న్యూస్‌ప్రింటు చేసే మిల్లు ఒక్కటీ లేదు. మధ్యప్రదేశ్ నేపానగర్ మిల్లును నెహ్రూ జాతికి అంకితం చేసింది 1956లో. తెల్లదొరతనాన్ని తెగడడానికి కూడా అంతదాకా కాగితం ఓడలోనే తెప్పించుకున్నామన్నమాట.

నాకు స్వయంగా తెలిసిన కరువు 1973-74 నాటిది. నేనప్పుడు పెనుకొండలో బడి పిల్లవాణ్ణి. ప్రపంచంలో చమురు ధర పెరిగితే మా నోటుపుస్తకం ఎందుకు సన్నబడిందో అప్పట్లో అర్థం కాలేదు. వేసవి సెలవుల్లో మా అమ్మ పాత పుస్తకాల్లో రాయకుండా మిగిలిన కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పైన మైదా జిగురుతో పాత క్యాలెండరు అట్ట అంటించేది. ఒకే పుస్తకంలో నాలుగు రకాల గీతలు, రెండు రకాల తెలుపులు. లెక్కలు ముందు పలకమీద చేసి సరి అయితేనే పుస్తకంలోకి ఎక్కించాలని మాకు ఆజ్ఞ. అంటే తిరిగి తిరిగి బలపం దగ్గరికే వచ్చామన్నమాట! బడిపుస్తకాలకు ప్రభుత్వం రాయితీ ధరకు కాగితం ఇప్పించేది. స్వీడన్, నార్వే వంటి దేశాలు మన పాఠ్యపుస్తకాల కోసం కాగితం దానంగా పంపిన కాలం అది. ఉత్తర ధ్రువం దాపున పెరిగిన చెట్టు మీద వేమన పద్యాలు చదువుకున్న పిల్లలు ఉండే ఉంటారు.

ఇంతవరకూ రాతకాగితం సంగతి. మా మూడు ఊళ్ళకు ప్రత్యేకమైనది రాయని కాగితం.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు ప్రసిద్ధం. ఆ గూడుకు మొదలు ఒక కాగితపు ముక్క. తల్లి సీతాకోకచిలుక కాగితంమీద నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది. రోగం లేదని తేలిన గుడ్ల కాగితాన్నే రైతు కొనుక్కుపోతాడు. పిల్లపురుగుల తట్టల్లో తేమ ఆరకుండా మైనపు కాగితం పరుస్తారు. ఈ గుడ్ల కాగితానికి కూడా ఒక ఓడప్రయాణపు చరిత్ర ఉంది. 1850లలో పెబ్రిన్ అనే తెగులు ఫ్రాన్సు, ఇటలీ పట్టుపురుగులను తుడిచిపెట్టింది. అప్పుడు ఆ తెగులు సోకని జపాను దీవులనుంచి, యొకొహామా రేవు మీదుగా, గుడ్లంటిన అట్టలు లక్షల సంఖ్యలో ఐరోపాకు వెళ్ళాయి. 1865 నుంచి కొన్నేళ్ళు పాశ్చరు ఆ తెగులు వెంటపడి, తల్లిపురుగును నూరి సూక్ష్మదర్శినిలో చూసి, అందులో రోగకణాలు కనబడితే ఆ గుడ్లు పారేయాలని తేల్చాడు. ఇవాళ హిందూపురం రైతు కొనే గుడ్ల కాగితం వెనుక ఉన్న పరీక్ష అదే. పెద్ద చదువు లేని రైతు కూడా ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తాడు. నీలిరంగు చుక్క తిరిగితే పిల్లలు రేపో మాపో అని అర్థం. అక్షరం లేని కాగితాన్ని చదవడం అది.

ఆ పట్టు ధర్మవరం చేరితే అక్కడ మరో రాయని అట్ట ఎదురవుతుంది. చీరల అంచుకు, బుట్టాలకు, కొంగుకు మగ్గంమీద జాకార్డు పెడతారు. ఫ్రాన్సులోని లియాన్ పట్టణపు జోసెఫ్ మరీ జాకార్డు 1804 నాటికి సిద్ధం చేసిన సాధనం. అంతకుముందే 1725లో బుషాన్ అనే అతడు చిల్లులుపెట్టిన కాగితపు చుట్టతో మొదలుపెట్టాడు. కిటుకు చాలా సులభం. నమూనాను గళ్ళకాగితంమీద గీస్తారు. ఒక్కొక్క పేకపోగుకు ఒక్కొక్క అట్ట. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగుపోగును ఎత్తుతుంది; లేనిచోట పోగు అడుగునే ఉంటుంది. ఈ అట్టలను వరుసగా దారంతో కుట్టి మగ్గంపైన మాలగా వేలాడదీస్తారు. నేతగాడు తొక్కుడుచెక్క తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది. ఉన్నది, లేనిది; ఈ రెండే అక్షరాల లిపి. 1839లో జాకార్డు బొమ్మనే పట్టులో నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయట. గణకయంత్రానికి కలలుగన్న బాబేజి ఆ బొమ్మనొకదాన్ని తెప్పించుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. ఈ టపాను మీ తెరమీదికి తెచ్చిన యంత్రానికి తాతల్లో ఒకరు ఆ అట్టలమాల.

నమూనాలు మాత్రం ఫ్రాన్సువి కావు. హిందూపురానికి దగ్గర్లోనే లేపాక్షి ఉంది. వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో పదహారో శతాబ్దపు స్త్రీపురుషులు కట్టిన బట్టల అంచులు, గళ్ళు, లతలు, హంసలు చూడండి. నేతపనివారికి అదొక నిఘంటువు. లేపాక్షి గోడనుంచి గళ్ళకాగితంమీదికి, గళ్ళకాగితంనుంచి అట్టమీదికి, అట్టనుంచి చీరమీదికి. ఇందులో అట్ట అన్నది బ్రౌను రాయించిన ప్రతి వంటిదే, కాకపోతే చదవవలసినది మగ్గం.

ఇప్పుడు నా బాధ చెప్పాలి. కొన్నేళ్ళుగా ఎలక్ట్రానిక్ జాకార్డులు వచ్చాయి. నమూనా కంప్యూటరులో, మగ్గానికి ఒక చిన్న పెట్టె. అట్టలు కొట్టించే ఖర్చు లేదు, తడిసి ఉబ్బడం లేదు, ఎలుకలు కొరకడం లేదు. నేతగాడికి మేలే, నేను కాదనను. మోకాళ్ళు అరిగేలా నేసినవారికి కాస్త సుఖం వస్తే పాతదే బాగుందనడానికి మనమెవరం? కాని పాత అట్టలు ఏమవుతున్నాయి? మోపులు మోపులుగా పాతసామాన్ల అంగడికి పోతున్నాయి, కిలోల లెక్కన. పాత అట్ట గుజ్జయి మళ్ళీ అట్టే అవుతుంది. మన క్రాఫ్టు కాగితపు మిల్లులకు పాతకాగితమే ముడిసరుకు. చాలనిది అమెరికా, ఐరోపాలనుంచి ఓడల్లో వస్తుంది. 2021లో ఓడ కిరాయిలు మండిపోయి ఆ పాతకాగితం ధర పెరిగినప్పుడు చీరల పెట్టెలు చేసేవారు గగ్గోలు పెట్టారు. 2022 అక్టోబరు నుంచి చాలా రకాల కాగితం దిగుమతికి ముందుగా నమోదు చేసుకోవాలని కేంద్రం నియమం పెట్టింది. ఇంత గిరాకీ ఉన్నప్పుడు ఇంటిమూలన పడి ఉన్న అట్టలు ఎందుకు ఉంటాయి? నలభై ఏళ్ళనాటి ఒక అంచు నమూనా కరిగి, రేపు ఇంకెవరి చీరకో పెట్టె అయి తిరిగి ధర్మవరమే రావచ్చు.

చీర ఫోటో ఉంటే చాలదా అని ఒక మిత్రుడు అన్నాడు. చాలదు. ఫోటో పద్యం తాత్పర్యం వంటిది. అట్టలు పద్యం. ఏ పోగు ఎప్పుడు లేచిందో అట్టకే తెలుసు. పైగా ఇది కష్టమైన పని కూడా కాదు. చిల్లులున్న అట్టను స్కానుచేస్తే ఉన్నది, లేనిది కంప్యూటరే చదువుకుంటుంది. బ్రౌను రాయసగాళ్ళకు పట్టిన ఏళ్ళు ఇప్పుడు పట్టవు. కవిలెలు పోయేటప్పుడు ఇద్దరు పరాయివాళ్ళకు అవి కావలసివచ్చాయి. అట్టలు పోతుంటే అడిగేవారు నేను తిరిగిన వీధుల్లో నాకు కనబడలేదు.

పోయిన నెల ధర్మవరంలో పాతసామాన్ల అంగడి ముందు ఒక మోపు తూకానికి పెట్టి ఉంటే, ఉండబట్టలేక అదే ధరకు నేను కొన్నాను. బస్సులో నా పక్క సీటులో దాన్ని పెట్టుకుంటే కండక్టరు సామానుకు టిక్కెట్టు కొట్టాడు. మరుసటి వారం మళ్ళీ తీసుకువెళ్ళి, మగ్గం మానేసి ఇంటిపట్టున ఉంటున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన చూపు మందగించింది. అట్టలను ఒళ్ళో వేసుకుని, జపమాల తిప్పినట్టు వేళ్ళతో చిల్లులు తడుముతూ పోయాడు. నలభై అట్టలు దాటాక ఆగాడు.

"అయ్యవారూ, ఇది అంచుది. కొంగుది గాదు. తిరగేసి పట్టుకొచ్చినారు, మొదలు ఈడుంది చూడండి" అన్నాడు.

ఏ అంచు అని అడిగాను. మళ్ళీ వేళ్ళు ఆడించాడు. హంస మెడ తిరిగే చోటు దొరికింది గాని తోక దొరకలేదన్నాడు. లెక్కబెడితే 312 అట్టలు తేలాయి. రెండుచోట్ల దారం తెగి వరుస తప్పింది, మధ్యలో కొన్ని లేవు. ఉన్నవాటిని సరిగా కుట్టి పెడతాను, దీపావళి పోయినాక రమ్మన్నాడు. మోపు అక్కడే వదిలి వచ్చాను.